డౌట్‌కీ సస్పెక్ట్‌కీ తేడా ఏటి? మెయిల్ పంపేశాక తెలిసింది

పలాస_పిక్క:
జీడి మిల్లులో లెక్కలు రాస్తాను. కిందటి వారం లోడులో రెండు డబ్బాలు తక్కువొచ్చాయి, పది కేజీలవి, డబ్ల్యూ 240 అనే జీడిపప్పు రకం. నాకు డ్రైవర్ మీద డౌటు. అదే ఓనరుగారబ్బాయికి ఇంగ్లీషులో పెట్టాను, 'ఐ డౌట్ ద డ్రైవర్ టుక్ ద టిన్స్' అని. 'సరే, డ్రైవర్ తియ్యలేదంటున్నావు కదా, గోడౌను వెతికించు' అని జవాబొచ్చింది. గోడౌను తాళాలు నా దగ్గరే ఉంటాయి, చూడండి నా గతి! డౌట్, సస్పెక్ట్ ఎక్కడ ఏది రాయాలి? డౌట్‌ఫుల్, డ్యూబియస్ ఒకటేనా? క్లాసులో అడిగేది డౌటా, క్వశ్చనా?

రణస్థలం_రైడర్:
అయ్యో గురూ, సేమ్ టు సేమ్. మనం 'వాడే తీశాడని డౌట్' అంటే తీశాడనే కదా. ఇంగ్లీషోడు డౌట్ అన్నాడంటే కాదనుకుంటున్నాడని, సస్పెక్ట్ అన్నాడంటే అవుననుకుంటున్నాడని. ఓ ఇంటర్వ్యూలో సర్వర్ ఎందుకు ఆగిందని అడిగితే 'ఐ డౌట్ ద పవర్ సప్లై ఫెయిల్డ్' అన్నాను. 'మరైతే ఏం ఫెయిలైంది?' అన్నారు. వినబడలేదేమో అనుకుని అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పాను. ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా.

బొబ్బిలి_మాస్టారు:
31 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను, ఇందులో తికమకేమీ లేదు. డౌట్ అంటే సందేహం, సస్పిషన్ అంటే అనుమానం. రాసి పెట్టుకోండి.

కోర్టు_టైపిస్టు:
మాస్టారూ, మా దగ్గర రోజూ ఈ రెండు మాటలతోనే పని. అనుమానాస్పద మృతి అని పాత సీఆర్‌పీసీ చట్టంలో 174 సెక్షన్ కింద, 2024 జులై నుంచి దాని బదులొచ్చిన కొత్త చట్టంలో 194 సెక్షన్ కింద కాగితాలు వస్తాయి. అది సస్పిషియస్, అక్కడ డౌట్‌ఫుల్ అని కొడితే సారు పెన్ను విసిరేస్తారు. డౌట్ ముద్దాయికి లాభం, దాన్నే సంశయ లాభం అంటారు. సస్పిషన్ ముద్దాయికి తలనొప్పే గానీ, అదెంత బలంగా ఉన్నా రుజువు కింద చెల్లదు. పలాస తమ్ముడూ, నువ్వు మెయిల్లో డ్రైవరుకి సంశయ లాభం ఇచ్చేశావు 😀

నాగావళి_ఒడ్డు:
అనుమానం అంటే సస్పిషనే అని మాస్టారు అంత ఖాయంగా ఎలా చెప్తారు? తర్కశాస్త్రంలో అనుమానం ఒక ప్రమాణం, అంటే నిజం తెలుసుకునే దారి. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పుందని తేల్చుకోవడం. అంటే ఇన్ఫరెన్స్. దాన్ని మనమే దించి దించి మొగుడూ పెళ్లాల గొడవ దాకా తెచ్చాం.

బొబ్బిలి_మాస్టారు:
నేను చెప్పింది వాడుక సంగతి బాబూ. తర్కం మీ ఇంట్లో చెప్పుకోండి.

నాగావళి_ఒడ్డు:
వాడుకే అయితే 'వాడే తీశాడని డౌట్' కూడా వాడుకే. అది మాత్రం తప్పా? మీకు నచ్చింది వాడుక, నచ్చనిది తప్పూనా?

బొబ్బిలి_మాస్టారు:
గూగుల్ చూసి వాదించేవాళ్లతో నాకెందుకు. డౌట్‌లో బి ఎందుకుందో చెప్పండి ముందు.

బ్యాంకు_కౌంటర్:
అది నేను చెప్తా. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు బి లేదు, తర్వాత పండితులు లాటిన్ డుబిటారే చూసి ఇరికించారు. అప్పు అనే డెట్‌లో బి కూడా అంతే, పలకం గానీ కట్టకపోతే మాత్రం వినబడుతుంది. పనిలో పనిగా డౌట్‌ఫుల్ కూడా. 90 రోజులు కట్టకపోతే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అలా ఏడాది దాటితే డౌట్‌ఫుల్ పద్దు. వసూలవుతుందన్న నమ్మకం పోయిందని అర్థం, అంతే. ఒకాయన కాగితంలో ఆ మాట చూసి 'నన్ను దొంగంటారా' అని కౌంటరు అద్దం మీద గుద్దాడు. దొంగనలేదండీ, బాకీ డౌట్‌ఫుల్, మీరు కాదు అని మేనేజరూ నేనూ అరగంట సముదాయించాం, టీ కూడా ఇచ్చాం. బాకీ ఇంకా అలాగే ఉంది.

గ్లాస్గో_టు_రాజాం:
మీరందరూ స్కాట్లాండు వెళ్లలేదు కాబట్టి ఇంత ధీమా. అక్కడ నర్సుగా చేసిన కొత్తలో మా వార్డు సిస్టర్ 'ఐ డౌట్ ఇటిల్ రెయిన్' అంది. వాన పడదనుకుని గొడుగు వదిలేసి బయల్దేరాను, బస్టాపుకి చేరేసరికి బూట్లలో నీళ్లు. అక్కడ కొందరి మాటలో డౌట్ అంటే 'పడేలా ఉంది' అని! పూర్వం ఇంగ్లీషులో దీనికి భయపడటం అనే అర్థం కూడా ఉండేదట, అదే అక్కడ మిగిలింది.

బొబ్బిలి_మాస్టారు:
అది మాండలికం. లెక్కలోకి రాదు.

గ్లాస్గో_టు_రాజాం:
'ఏటి' అంటే నవ్వే వైజాగు కాలేజీ పిల్లల్లా మాట్లాడకండి మాస్టారూ. మనది మాండలికం కాదా?

రణస్థలం_రైడర్:
+1. ఓనరుగారబ్బాయిని గ్లాస్గోలో చదివించాల్సింది, డ్రైవరు ఈపాటికి దొరికిపోయేవాడు.

చీపురుపల్లి_చిన్నోడు:
అన్నా, మీ మిల్లులో బద్ద కేజీ ఎంత? ఇంట్లో పెళ్లుంది.

పలాస_పిక్క:
అది మెసేజ్ పెట్టు తమ్ముడూ. డ్యూబియస్ ఎవరూ చెప్పలేదు.

కోర్టు_టైపిస్టు:
క్లాసు సంగతి ఒక్కటీ చెప్పి పోతా. సారుని డౌట్ అడగడం మన దేశంలో చెల్లుతుంది. బయటోళ్లతో 'ఐ హావ్ ఎ డౌట్' అంటే నువ్వు చెప్పింది నమ్మబుద్ధి కావట్లేదు అన్నట్టు వినబడొచ్చు. 'ఐ హావ్ ఎ క్వశ్చన్' అనేయ్, గొడవ ఉండదు.

బ్యాంకు_కౌంటర్:
ఇంతకీ డబ్బాలు దొరికాయా?

పలాస_పిక్క:
ఒకటి దొరికింది. తూకం కాటా వెనకాల, ఖాళీ బస్తాల కింద.

నాగావళి_ఒడ్డు:
అయితే రెండోది డ్రైవరే తీశాడంటావా?

పలాస_పిక్క:
డౌటే.

రణస్థలం_రైడర్:
ఏ డౌటు గురూ, పలాసదా, గ్లాస్గోదా?