ఇంగ్లీష్ వాక్యంలో ఆఫ్టర్, బిఫోర్ ఉన్నా పాస్ట్ పర్ఫెక్ట్ (‘హ్యాడ్ లెఫ్ట్’ లాంటి రూపం) వాడాలా?

‘వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ లెఫ్ట్’ అంటే నేను చేరగానే రైలు కదిలిందని, ‘హ్యాడ్ లెఫ్ట్’ అంటే అప్పటికే వెళ్ళిపోయిందని అర్థమైంది. కానీ ‘ఆఫ్టర్ షి ఫినిష్డ్ ద లెటర్, షి వెంట్ అవుట్’లో ఏది ముందో ‘ఆఫ్టర్’ చెప్పేస్తోంది కదా, అక్కడ కూడా ‘హ్యాడ్ ఫినిష్డ్’ అనాలా? నాకైతే రెండూ సరైనవే అనిపిస్తున్నాయి. పరీక్షలో ఒక్కదానికే టిక్ పెట్టాలి, అదే టెన్షన్.

ఇంకొకటి, నాకు ఇదే ముఖ్యం. కథ రాస్తూ వెనకటి సంగతి ఒక పేరా అంతా చెప్పాల్సివస్తే ప్రతి క్రియకీ ‘హ్యాడ్’ తగిలించాలా? చదవడానికి చాలా బరువుగా ఉంటోంది. మొదటి ఒకటి రెండు వాక్యాలకి పెట్టి, తర్వాత సింపుల్ పాస్ట్‌లోకి (‘హ్యాడ్’ లేని ‘లెఫ్ట్’ లాంటి మామూలు భూతకాలంలోకి) వచ్చేయొచ్చా? అలా వస్తే మళ్ళీ అసలు కథలోకి ఎప్పుడు తిరిగొచ్చామో చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? తెలిసినవాళ్ళు దయచేసి ఉదాహరణతో చెప్పండి.