బ్యాటరీల సిలికాన్ ఆనోడ్ (నెగటివ్ కొస) కెపాసిటీ పది చార్జి-డిశ్చార్జి సైకిళ్లకే పడిపోతుంది, సిలికాన్ పొడి మార్చాల్నా?

బత్తాయి_సెన్సర్ (నల్లగొండ):
తోటల నేల తేమ చూసే చిన్న సెన్సర్‌కు లిథియం బ్యాటరీ సెల్ చేస్తున్నం. 80 నానోమీటర్ల సిలికాన్ 80, కార్బన్ బ్లాక్ 10, బైండర్‌గ (గింజలను పట్టి ఉంచే జిగురు) పీవీడీఎఫ్ 10 పాళ్లు, రాగి రేకు మీద పూత. ఎదురుగ లిథియం రేకు. ఎలక్ట్రోలైట్ అంటే ఈసీ-డీఈసీ ద్రావకాలల్ల 1 మోలార్ ఎల్ఐపీఎఫ్6 (లిథియం ఉప్పు). డిశ్చార్జి (సిలికాన్‌ల లిథియం నింపుడు) 5 మిల్లీవోల్టుల దాకా. మొదట గ్రాముకు 2900 ఎంఏహెచ్ (మిల్లీయాంపియర్ అవర్లు) వచ్చింది, పదో సైకిల్‌కు 500 లేదు. విప్పిచూస్తే పూత పొట్టులెక్క రాలి నడుమ ఉండే సెపరేటర్ పొరకు అంటుకుంది.

పాలమూరు_కాయిన్‌సెల్:
పొడి కాదు తమ్మీ, బైండర్ మార్చు. లిథియం నిండితే సిలికాన్ గింజ దాదాపు నాలుగింతలైతది, ఖాళీ అయితే మళ్ల ముడుచుకుంటది. పీవీడీఎఫ్‌కు అంత పట్టు లేదు. సీఎంసీ (నీళ్లల్ల కరిగే సెల్యులోజ్ జిగురు) అయితే గింజ మీది ఆక్సైడ్ పొరతోని బంధం కట్టుకుంటది. సిలికాన్, కార్బన్, సీఎంసీ 60:20:20 పెట్టు. సీఎంసీని నీళ్లల్ల 2 శాతం కలిపి రాత్రంతా తిప్పు. గడ్డలు మిగిలితే బ్లేడుకు తగిలి పూతల గీతలు పడ్తయి. తర్వాత కార్బన్, ఆఖరుకు సిలికాన్.

కలిపిన ముద్దను మూత బిగించి తెల్లారిదాక ఉంచొద్దు. నానో సిలికాన్ నీళ్లతోని హైడ్రోజన్ వదుల్తది, మూత ఉబ్బుతది. పూతల సూదిమొనంత గుంతలు కనపడ్డయంటే గ్యాస్ పనే. సిట్రిక్ యాసిడ్ బఫర్‌తోని పీహెచ్ 3 దగ్గర పెడితే అది తగ్గుతది, పట్టు కూడా పెరుగుతది. ఆరినంక వాక్యూమ్‌ల 120 డిగ్రీలు, రాత్రంతా. వానాకాలం బయట తిప్పకుండ నేరుగ గ్లవ్‌బాక్స్‌లకు (తేమ లేని మూసిన పెట్టె) పోవాలె; తేమ ఉంటే ఎల్ఐపీఎఫ్6 నుంచి హెచ్ఎఫ్ (హైడ్రోఫ్లోరిక్ యాసిడ్) పుడ్తది. ఎలక్ట్రోలైట్‌ల సిలికాన్ మీద రక్షణ పొర కట్టే ఎఫ్ఈసీ 10 శాతం కలుపు.

మైక్రోవోల్ట్:
5 మిల్లీవోల్టులు ఎందుకు? 50 కిందికి దింపితే ఎల్ఐ15ఎస్ఐ4 (లిథియం-సిలికాన్ సమ్మేళనం) స్ఫటికం కట్టి పగుళ్లు పెరుగుతయి. 70 కాడ ఆపు. కొంత కెపాసిటీ పోయినా ఆయుష్షు పెరుగుతది.

ఇంకోటి, లిథియం రేకు ఎదురుంటే నష్టం కనపడదు, అది అడిగినంత ఇస్తది. అసలు కాథోడ్ (పాజిటివ్ కొస, లిథియం లెక్కకే ఉంటది) పెట్టినంక సైకిల్‌కు 99 శాతమే తిరిగొస్తే, 100 సైకిళ్లకు మిగిలే లిథియం 37 శాతం. కెపాసిటీ గ్రాఫ్ కంటే ముందు కూలంబిక్ ఎఫిషియెన్సీ (పెట్టిన చార్జిల తిరిగొచ్చే వంతు) చూడు.

బత్తాయి_సెన్సర్:
చిప్ మీదనే వేస్తే, అన్నా?

మైక్రోవోల్ట్:
అప్పుడు బైండరే వద్దు, స్పటరింగ్‌తోని (వాక్యూమ్‌ల అణువులను చిమ్మి) అమార్ఫస్ (స్ఫటికం లేని) సిలికాన్ పొర. 100 నానోమీటర్లకు చదరపు సెంటీమీటర్‌కు 83 మైక్రోయాంపియర్ అవర్లు, అదీ పూర్తిగ నింపితే. నిద్రల 2 మైక్రోయాంపియర్లు తినే సెన్సర్‌కు లెక్కల 41 గంటలు. మందం పెంచుదామంటే పొర పగిలి లేస్తది. కింద టైటానియం నైట్రైడ్ అడ్డుపొర మరవకు, లేకుంటే లిథియం పోయి చిప్ కింది సిలికాన్ వేఫర్‌ల ఇంకుతది.