తాండూరు బండ మీది ఆకు గుర్తు శిలాజమేనా? మన జిల్లాలో ట్రైలోబైట్లు దొరుకుతాయా?

ప్రశ్న (మిర్యాలగూడ):
మా వసారాలో పరిచిన తాండూరు బండల్లో ఒకదాని మీద ఫెర్న్ ఆకును అద్దినట్టు నల్లటి కొమ్మలు ఉన్నాయి. చూసినవారంతా శిలాజమే అంటున్నారు. ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిన, పెంకు గల సముద్ర జీవి) బొమ్మ చూసిన మా అబ్బాయి, అలాంటివి హుజూర్‌నగర్ సున్నపురాయి క్వారీల్లో దొరుకుతాయా అని అడుగుతున్నాడు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
అది మొక్క కాదండీ. మాంగనీసు, ఇనుము కరిగి ఉన్న నీరు రాతి పొరల సందుల్లోకి పాకి, అవి అక్కడ ఆక్సైడ్లుగా పేరుకున్నప్పుడు ఇలా కొమ్మలు వేసిన గుర్తులు ఏర్పడతాయి; వీటిని డెండ్రైట్లు అంటారు. చాలా వరకు ఇవి ఏదో ఒక పగులు అంచు నుంచే మొదలవుతాయి, ఆ పగులును వెతికి చూడండి.

ట్రైలోబైట్లు సుమారు 52 కోట్ల సంవత్సరాల క్రితం సముద్రాల్లో కనిపించి, సుమారు 25 కోట్ల సంవత్సరాల క్రితం పూర్తిగా అంతరించాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ గుట్టల్లోని గ్రానైట్ దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటిది, పైగా కరిగిన శిలాద్రవం గట్టిపడి ఏర్పడినది కనుక అందులో ఏ శిలాజానికీ చోటు లేదు. తాండూరు బండలు, హుజూర్‌నగర్ సున్నపురాయి నీటి అడుగున పేరుకున్నవే అయినా, వాటిని ట్రైలోబైట్లకు ముందు కాలానివిగానే లెక్కిస్తారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఒక పురుగు ఆనవాలును బట్టి రాతి వయసు ఎలా చెబుతారు?

జవాబు 2:
పురుగు అనకండి, పీతలు, రొయ్యల దూరపు చుట్టం అది! ట్రైలోబైట్లలో ఇప్పటికి 20,000కు పైగా జాతులను గుర్తించారు. వాటిలో చాలా జాతులు కొద్దికాలమే బతికి, వేరే జాతులకు చోటిచ్చాయి కనుక, హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ రాళ్లలో ఏ జాతి ఉందో చూసి, ఆ పొర కేంబ్రియన్ యుగంలో (ట్రైలోబైట్లు మొదట కనిపించిన కాలం) ఏ భాగానిదో నిర్ణయించగలుగుతున్నారు. పెరిగే కొద్దీ అవి పెంకు విడిచేవి, అందుకే ఒక్క ప్రాణి నుంచే అనేక ముక్కలు మిగిలే వీలుంది. దొరికేవాటిలో తల, తోక విడివిడిగా ఉన్నవే ఎక్కువ.

నాకు మరీ నచ్చేది మరొకటి. బతికున్నప్పుడు ట్రైలోబైట్ కుడి ఎడమలు సమానంగా ఉండేవి. పలకరాయిలో అది ఒకవైపు సాగి, వంకరపోయి కనిపిస్తే, పర్వతాలు లేచేటప్పుడు ఆ రాయి ఏ దిశలో ఎంత నలిగిందో కొలవవచ్చు.

జవాబు 3:
బాబుకు పురాతన జీవుల ఆనవాళ్లే చూపాలంటే స్ట్రోమటోలైట్లు చూపండి. కడప జిల్లాలోని వేంపల్లె డోలమైట్‌లో (సున్నపురాయి లాంటి రాయి) సూక్ష్మజీవుల పొరలు కట్టిన అలల వంటి వంపులు కంటికే కనిపిస్తాయి, అవి ట్రైలోబైట్ల కంటే ఎంతో పాతవి.