ఎంవీ కమాండ్‌తో 339 ఫొటోలు పోయాయి, ఎక్కడ తప్పు చేశాను?

నీలిమేఘం:
లినక్స్‌లో 340 ఫొటోలను "పాతవి" ఫోల్డర్‌లోకి పంపుదామని లూప్ రాసి ఒక్కొక్క దానికీ ఎంవీ (mv, ఫైలును వేరే చోటికి పంపే లేదా పేరు మార్చే కమాండ్) ఇచ్చాను. ఎర్రర్ ఏమీ రాలేదు. తీరా చూస్తే "పాతవి" అనేది ఫోల్డరే కాదు, ఆ పేరుతో ఉన్నది ఒకే ఒక్క ఫొటో! చాలా టెన్షన్‌గా ఉంది.

తీగపందిరి:
ముందు ఆ డిస్క్‌ని వాడటం ఆపండి. కొత్తగా ఏది సేవ్ చేసినా పోయినవాటి చోటులో పడొచ్చు.
ఆ పేరుతో ఫోల్డర్ ముందే లేదు కదా? అలాంటప్పుడు ఎంవీ దాన్ని కొత్త పేరు అనుకుంటుంది. మొదటి ఫొటో పేరు "పాతవి" అయింది, రెండోది వచ్చి దాని మీద పడింది, మూడోది రెండోదాని మీద. అలా చివరిదొక్కటే మిగిలింది. నాకూ ఇదే జరిగింది. అప్పటినుంచి ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెట్టకుండా ఎంటర్ కొట్టను. స్లాష్ ఉంటే, ఫోల్డర్ లేనప్పుడు ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

రాత్రిబడి:
ఎంవీ పక్కన హైఫన్ ఐ (-i) పెడితే పాత ఫైలు మీద రాసే ముందు అడుగుతుంది. కానీ వందల ఫైళ్లున్నప్పుడు వై నొక్కీ నొక్కీ చివరికి చదవకుండానే నొక్కేస్తాం. నేను హైఫన్ ఎన్ (-n) వాడతాను, ఉన్న ఫైలు జోలికే వెళ్లదు.

కొత్తచిగురు:
ఇదే చోట నాదో సందేహం. ఎంవీ ఇస్తే పెద్ద వీడియో ఒకే డిస్క్‌లో క్షణంలో వేరే ఫోల్డర్‌కి వెళ్లిపోతుంది, పెన్‌డ్రైవ్‌కి పంపితే మాత్రం చాలాసేపు పడుతుంది. ఎందుకు?

తీగపందిరి:
ఒకే ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చి ఉంచే ఏర్పాటు) అయితే డేటా కదలదు, పేరు మాత్రమే మారుతుంది. వేరేదైతే మొత్తం కాపీ చేసి, ఆ తర్వాత పాతది తీసేస్తుంది. విలువైనవైతే నేను సీపీ (cp) కమాండ్‌తో కాపీ చేసి, తెరిచి చూసుకున్నాకే పాతవి తీసేస్తాను.

గవ్వలు:
విండోస్ నుంచి వచ్చినవారికి ఒక మాట. అక్కడ రెన్ (ren) కమాండ్‌తో స్టార్ గుర్తు పెట్టి అన్ని ఫైళ్ల ఎక్స్‌టెన్షన్ ఒకేసారి మార్చేస్తాం. లినక్స్‌లో ఎంవీతో అది కుదరదు. ఆ స్టార్‌ని షెల్ (మనం టైప్ చేసిన కమాండ్‌ని చదివి నడిపే ప్రోగ్రామ్) ముందే ఫైళ్ల పేర్లుగా మార్చి ఇస్తుంది, ఎంవీకి స్టార్ కనిపించనే కనిపించదు. దానికి రీనేమ్ కమాండ్ ఉంది. అయితే లినక్స్ రకాల్లో డెబియన్‌లో వాడే పెర్ల్ రీనేమ్ వేరు, ఫెడోరాలోది వేరు, రాసే పద్ధతే మారిపోతుంది. మాన్ పేజీ (కమాండ్ వాడకం వివరించే పేజీ) చూడకుండా వాడొద్దు.

నీలిమేఘం:
అందరికీ థాంక్స్. కెమెరా కార్డు ఇంకా ఫార్మాట్ చేయలేదు, 212 ఫొటోలు అందులో ఉన్నాయి. మిగతావాటి కోసం డిస్క్ తీసి పక్కన పెట్టాను. డిలీట్ అయిన ఫొటోలు వెతికే ప్రోగ్రామ్‌ని రేపు వేరే కంప్యూటర్ నుంచి నడిపి, ఎన్ని దొరికాయో ఇక్కడే చెబుతాను.