అమ్మ ఆపరేషన్‌లో పొరపాటు: కంప్లయింట్ ఎక్కడ ఇవ్వాలి?

అందరికీ నమస్కారం. ఏడాదిన్నర క్రితం ఓ ప్రైవేటు ఆసుపత్రిలో అమ్మకు గాల్ బ్లాడర్ తీశారు. మూడో రోజుకే కళ్లు పచ్చబడ్డాయి. చూపిస్తే, "గ్యాసేనమ్మా, తగ్గిపోతుంది" అని ఇంటికి పంపేశారు. వారం తిరక్కుండా వేరే ఆసుపత్రికి పరుగెత్తాం. పైత్యరస నాళం తెగిందన్నారు, మళ్లీ కోత. అమ్మ ఇంకా కోలుకోలేదు.

కేస్ షీట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని రూలుంది. రాతపూర్వకంగా అడిగి నెల దాటింది, చేతికొచ్చింది డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే. అందులో పచ్చకామెర్ల ఊసే లేదు! గట్టిగా అడిగితే నేను సంతకం పెట్టిన కన్సెంట్ ఫారం చూపిస్తున్నారు. ఆ సంతకంతో వాళ్ల నిర్లక్ష్యం కూడా మాఫీ అయిపోతుందా?

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి 2 ఏళ్లే గడువు కదా. అది ఆపరేషన్ రోజు నుంచా, నాళం తెగిందని తెలిసిన రోజు నుంచా? రెండో ఆసుపత్రి డాక్టరు రాసిచ్చేందుకు వెనకాడుతున్నారు, నిపుణుల అభిప్రాయం లేకుండా కేసు నిలుస్తుందా? మెడికల్ కౌన్సిల్‌కూ ఒకేసారి ఫిర్యాదు చేయొచ్చా? అక్కడ పరిహారం రాదని తెలుసు. పోలీసు కేసు జోలికి మాత్రం వెళ్లదలచుకోలేదు.

ఇలాంటి కేసు నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ముందు లాయర్ నోటీసు పంపాలా?