మూడు నెలలు బండి కదలదు: ట్యాంకు నింపాలా, ఖాళీ చేయాలా?

పల్లావరం కిరణ్: డిసెంబర్ 2న ఆన్‌సైట్‌కి జర్మనీ వెళ్తున్నా, మార్చి మొదట్లో వస్తా. బండి 2022 మోడల్ బైకు, బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనలది), ఇంజెక్షన్ (పంపుతో ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే రకం). అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉంటుంది. అక్కడి మా టీమ్ లీడ్ మంచు మొదలవగానే ట్యాంకు ఫుల్ చేసి, స్టెబిలైజర్ (పెట్రోలు పాడవకుండా కలిపే మందు) పోసి, బండిని షెడ్డులో పెట్టేస్తాడట. మన చెన్నైలో కూడా అలాగే చేయాలా?

ఆర్ఎక్స్ రావు: ఫుల్ చెయ్యి తమ్ముడూ, ఇందులో ఆలోచించేదేం లేదు. ట్యాంకులో ఖాళీ ఎంత ఉంటే అంత తేమగాలి. రాత్రి రేకు చల్లబడితే లోపలి గోడకి చెమట పడుతుంది. 2019లో మా నాన్న పాత యమహా ఆర్ఎక్స్ 100ని అడుగున లీటరు పెట్రోలుతో ఆరు నెలలు వదిలేశా. వచ్చి మూత తీసి టార్చి వేస్తే లోపలంతా ఎర్రమన్ను పూసినట్టుంది. పెట్రోలు కుళాయి జాలీ విప్పితే తడిసిన కాఫీపొడిలా తుప్పు. ట్యాంకు కడిగించడానికే వారం పట్టింది.

వేలచ్చేరి వాసు: రావుగారూ, అది మీ కాలం పెట్రోలు. ఇప్పుడు బంకులో పోసేది ఈ20, ఐదో వంతు ఇథనాల్. అది తేమని పీల్చుకుంటుంది. మోతాదు మించితే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. ఇంజెక్షన్ బండిలో పంపు పీల్చేది ఆ అడుగునుంచే. కిరణ్, ఖాళీ చేసి వెళ్ళు.

ఆర్ఎక్స్ రావు: మూత బిగించిన ఫుల్ ట్యాంకులోకి తేమ ఎక్కడినుంచి వస్తుంది?

వేలచ్చేరి వాసు: బ్రీదర్ ఉంటుంది సార్, ట్యాంకుకి గాలాడే కన్నం.

ఆర్ఎక్స్ రావు: సూది బెజ్జమంత బ్రీదర్‌లోంచి మూడు నెలల్లో ఎన్ని చుక్కలు వస్తాయో లెక్క చెప్పు.

వేలచ్చేరి వాసు: ముందు మీ చెమట లెక్క చెప్పండి. ఇక్కడ డిసెంబర్లో పగలు 29, రాత్రి 22. ఆ ఏడు డిగ్రీలకి రేకుకి చెమట పడుతుందా? మంచు కురిసే ఊళ్ళ భయం మనకెందుకు?

ఆర్ఎక్స్ రావు: డిగ్రీలు కాదయ్యా, పక్కన సముద్రం ఉంది చూడు.

పళ్లికరణై పంతులు: 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపే మా సెల్లార్ చెరువైంది. మీరింకా చుక్కలు లెక్కపెడుతున్నారు. బండిని ముందు మెట్ట మీదికి ఎక్కించు బాబూ.

గిండీ స్పానర్: ఇద్దరూ వేరువేరు బండ్ల గురించి కొట్టుకుంటున్నారు. ఆర్ఎక్స్‌ది కార్బురేటర్, పంపు లేని పాత పద్ధతి. దానికి కుళాయి మూసి, కింద బౌల్ (పెట్రోలు నిలిచే గిన్నె) స్క్రూ విప్పి ఉన్న పెట్రోలు దించేయాలి. లేకపోతే పైలట్ జెట్‌లోని సన్నకన్నం జిగురుతో మూసుకుపోతుంది. కిరణ్ బండిలో పంపు ట్యాంకులోనే ఉంది, పెట్రోలే దానికి చల్లదనం. ఎండిపోయేదాకా నడిపితే పంపుకే దెబ్బ. పైగా తీసిన పెట్రోలు ఎక్కడ పెడతాడు, క్యాన్‌లో పోసి బాల్కనీలోనా? మెడకి కాస్త కిందిదాకా నింపి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పేస్తే చాలు. స్టెబిలైజర్ పోస్తే మాత్రం పది నిమిషాలు నడపాలి, అది ఇంజెక్టర్ దాకా చేరాలిగా. అయినా మూడు నెలలకి కొంపలేం మునగవు.

పల్లావరం కిరణ్: థాంక్స్ అన్నా. మా బావమరిది వారానికోసారి స్టార్ట్ చేస్తానంటున్నాడు. తాళం ఇవ్వనా?

గిండీ స్పానర్: రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే సైలెన్సర్లో నీళ్ళు చేరతాయి, బ్యాటరీ కూడా ఎక్కదు. తీస్తే ఇరవై నిమిషాలు రోడ్డు మీద తిప్పాలి.

వేలచ్చేరి వాసు: తాళం మాత్రం ఎవరికీ ఇవ్వకు! ఊరికి వెళ్తూ ఒకసారి ఫుల్ ట్యాంకు కొట్టించి మా పెదనాన్న కొడుక్కి తాళం ఇచ్చా. వచ్చేసరికి మీటర్లో 1,140 కిలోమీటర్లు ఎక్కువ, ట్యాంకు రిజర్వు, ఫోన్లో హెల్మెట్ చలాన్. అడిగితే "వారానికోసారి తీయమన్నావుగా అన్నయ్యా" అన్నాడు.

ఆర్ఎక్స్ రావు: ఓహో, ఇథనాల్ ఇథనాల్ అంటే ఏంటో అనుకున్నా. పెట్రోలు మీ తమ్ముడు తాగాడన్నమాట.

వేలచ్చేరి వాసు: వెటకారాలొద్దు. మీరు ఆరు నెలలు ఎవరికీ ఇవ్వకుండా దాచుకుని ఏం బావుకున్నారు? తుప్పేగా!

ఆర్ఎక్స్ రావు: నాన్న బండి గురించి మాట్లాడకు.

పళ్లికరణై పంతులు: అయ్యా, అయ్యా…

ఆర్ఎక్స్ రావు: (రాత్రి 11:40) వాసూ, పొద్దున కాస్త మాట తూలాను. ఆ ఆరు నెలలప్పుడు మా తమ్ముడు తాళం అడిగాడు. "నాన్న బండి, ఎక్కడన్నా గుద్దేస్తావు" అని ఇవ్వలేదు. వాడు రోజూ నడిపి ఉంటే ట్యాంకు అలా అయ్యేది కాదు. ఇప్పటికీ వాడా బండి ఎక్కడు. అందుకే చెప్తున్నా కిరణ్, ఇచ్చెయ్యి.

వేలచ్చేరి వాసు: నేను ఇచ్చాక మా వాడితో మాటల్లేవు సార్. మీరు ఇవ్వక, నేను ఇచ్చి, ఇద్దరం ఒక్కలాగే ఉన్నాం. అయినా నా మాట మారదు. ఇవ్వొద్దు.

పల్లావరం కిరణ్: మెడ కిందిదాకా నింపించా, బండిని మొదటి అంతస్తు ర్యాంపు మీద పెట్టించా. తాళం బావమరిదికే ఇస్తున్నా. మీటర్ ఫోటో మాత్రం తీసి పెట్టుకున్నా.

క్రోంపేట చిన్నా: బావా, ఫోటో ఎందుకు?