టెన్త్ అయ్యాక టెక్సస్ వచ్చిన పిల్లలకి శాట్ ముందా, స్కూల్ గ్రేడ్స్ ముందా?

కొత్త ఫ్రిస్కో:
నమస్తే అండీ అందరికీ. మేం మొన్న మేలోనే హైదరాబాద్ నుంచి ఫ్రిస్కో వచ్చాం, మావారిది హెచ్‌వన్ ఉద్యోగ వీసా, నాదీ బాబుదీ దాని మీద వచ్చే హెచ్‌ఫోర్. బాబుకి అక్కడ సీబీఎస్ఈ టెన్త్ అయింది, ఆగస్టులో లెవెన్త్‌లో చేరాలి. ఐఐటీ ఫౌండేషన్‌లో చదివాడు కాబట్టి మ్యాథ్స్ బానే చేస్తాడు. మా అపార్ట్‌మెంట్స్‌లో ఒకాయనేమో కాలేజీ అడ్మిషన్‌కి రాసే శాట్ పరీక్షలో 1600కి 1550 దాటితే చాలు ఇంకేమీ చూడరంటారు, ఇంకొకావిడేమో ఇప్పుడు శాట్ ఎవరడుగుతున్నారు, అంతా జీపీఏనే, అంటే స్కూల్ గ్రేడ్ల సగటే అంటారు. కోరిక యూటీ ఆస్టిన్‌లో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) కంప్యూటర్ సైన్స్. సమ్మర్ కోచింగ్‌కి డబ్బు కట్టమంటారా?

ప్లేనో అక్క:
ఆగండాగండి, ఇప్పుడే కట్టకండి. వాళ్ళిద్దరు చెప్పిందీ సగం సగమే.

మనకి ఎంసెట్, జేఈఈ అలవాటు కదా, ఇంటర్ మార్కులు గట్టెక్కితే చాలు, మిగతాదంతా ర్యాంకే. ఇక్కడ కాలేజీ వాళ్ళు ముందు చూసేది ట్రాన్‌స్క్రిప్ట్. నైన్త్ నుంచి ప్రతి సెమిస్టర్‌లో ఏ కోర్సు తీసుకున్నాడు, ఎంత వచ్చింది, అసలు ఆ స్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) కోర్సులు ఎన్నుంటే వీడు ఎన్ని తీసుకున్నాడు. స్కూల్ ప్రొఫైల్ అని కౌన్సెలర్ దాంతోపాటే పంపిస్తారు, అందుకని తేలిక కోర్సుల్లో తెచ్చుకున్న ఫుల్ జీపీఏ అక్కడ ఇట్టే తెలిసిపోతుంది. నమ్మకం లేకపోతే మీకు కావాల్సిన కాలేజీ పేరు పెట్టి కామన్ డేటా సెట్ అని గూగుల్ చేయండి, అందులో సీ7 అని ఒక టేబుల్ ఉంటుంది, కోర్సుల స్థాయి, ర్యాంకు, జీపీఏ, టెస్ట్ స్కోరు, వ్యాసం ఒక్కోదానికీ ఎంత విలువ ఇస్తారో కాలేజీ వాళ్ళే టిక్కు పెట్టి ఉంచుతారు. కోచింగ్ సెంటర్ మాటకన్నా అది నయం.

శాట్ ఎవరూ అడగట్లేదన్నది కోవిడ్ నాటి మాట, అప్పుడు స్కోరు పంపడం పిల్లల ఇష్టానికి వదిలేశారు. ఎంఐటీ 2022లోనే మళ్ళీ కావాలంది, 2024లో డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ వరసపెట్టి ఆ దారే పట్టాయి, మన యూటీ ఆస్టిన్ కూడా. అలా ఇష్టానికి వదిలేసిన రోజుల్లో స్కోరు చూడమని పంపినవాళ్ళ మధ్యస్థ స్కోరు 1420, వద్దన్నవాళ్ళది 1160 అని యూటీ వాళ్ళే చెప్పారు, పైగా స్కూల్ ర్యాంకూ జీపీఏ అన్నీ లెక్కేసి చూసినా స్కోరు పంపినవాళ్ళకి మొదటి సెమిస్టర్ జీపీఏ 0.86 ఎక్కువ ఉంటుందని అంచనా వేశారు. ఇక్కడ చాలా స్కూళ్ళలో 'A' గ్రేడ్లు ధారాళంగా వేసేస్తున్నారు, అందరికీ 'A'లే ఉంటే వాళ్ళు మాత్రం ఎలా వేరు చేస్తారు చెప్పండి.

ఇంకో సంగతి, టెక్సస్ స్కూల్లో క్లాసు ర్యాంకు టాప్ 5 శాతంలో ఉంటే యూటీలో ఆటోమేటిక్ అడ్మిషన్ (2026 ఫాల్ నుంచి, అంతకుముందు 6 ఉండేది), కానీ అది యూనివర్సిటీలోకే, కంప్యూటర్ సైన్స్‌లోకి కాదు. మేజర్ (ఏ సబ్జెక్టులో డిగ్రీ అన్నది) దగ్గర మళ్ళీ అన్నీ చూస్తారు, స్కోరుతో సహా. మీ బాబు అప్లై చేసేనాటికి ఇక్కడి గ్రేడ్లు ఒక్క లెవెన్త్‌వే ఉంటాయి కాబట్టి వాడి విషయంలో శాట్ బరువు కాస్త ఎక్కువే అనుకోండి, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకన్నా.

అయినా ఈ సమ్మర్ శాట్‌కి కాదు. లెవెన్త్‌లో చేరగానే ఆల్జీబ్రా 2లో వేశారనుకోండి, ట్వెల్త్‌లో ప్రీకాల్‌క్యులస్‌తో ఆగిపోతాడు, ఏపీ కాల్‌క్యులస్ లేకుండా కంప్యూటర్ సైన్స్‌కి అప్లై చేయడమంటే కష్టం. క్రెడిట్ బై ఎగ్జామ్ అని ఉంది, టెక్సస్‌లో ఆ కోర్సు చదవకుండానే పరీక్ష రాసి నూటికి 80 తెచ్చుకుంటే క్రెడిట్, అంటే ఆ కోర్సు పూర్తయినట్టు లెక్క, ఇచ్చేస్తారు. స్కూల్ డిస్ట్రిక్ట్ పెట్టిన తేదీల్లోనే రాయాలి, రిజిస్ట్రేషన్ ముందే అయిపోతుంది, కాబట్టి రేపే ఫోన్ చేయండి. ఫౌండేషన్ చదివిన పిల్లాడికి ఆల్జీబ్రా 2 ఎంతసేపు.

శాట్ పెట్టేవాళ్ళ బ్లూబుక్ యాప్‌లో ప్రాక్టీస్ టెస్టులు ఫ్రీ, ఖాన్ అకాడమీ కూడా ఫ్రీ. ముందు ఒకటి రాయించండి. మన పిల్లలకి మ్యాథ్స్ 800కి దగ్గరగా వచ్చేస్తుంది, దెబ్బంతా రీడింగ్ అండ్ రైటింగ్‌లోనే.

బే ఏరియా బాబాయ్:
అక్కయ్య చెప్పింది టెక్సస్‌కి కరెక్టే, కానీ అందరికీ అదే అనుకోకండమ్మా. మా కాలిఫోర్నియాలో యూసీలకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కాలేజీలకి) 1600 పంపినా అడ్మిషన్‌కి చూడనే చూడరు, టెన్త్ లెవెన్త్ గ్రేడ్లే జీపీఏ. చికాగో పబ్లిక్ స్కూల్స్ పిల్లల మీద 2020లో వచ్చిన స్టడీలో కూడా డిగ్రీ పూర్తిచేస్తారా లేదా అన్నది ఏసీటీ (శాట్ లాంటి ఇంకో పరీక్ష) కన్నా జీపీఏనే ఐదు రెట్లు గట్టిగా చెప్పింది. నాలుగేళ్ళు రోజూ హోమ్‌వర్క్ చేసినవాడు కాలేజీలోనూ చేస్తాడు, అంతే.

ప్లేనో అక్క:
నిజమే బాబాయ్ గారూ, కానీ అదే 2020లో మీ యూసీ ప్రొఫెసర్ల కమిటీయే స్కోర్లు బాగా పనికొస్తున్నాయని రిపోర్ట్ ఇస్తే, రీజెంట్స్ (యూసీ పాలకమండలి) దాన్ని పక్కనపెట్టి శాట్ తీసేశారుగా. పైగా మీ స్టడీ చికాగో వాళ్ళది, కంప్యూటర్ సైన్స్ సీటు గొడవ వేరు.

ఫ్రిస్కో అమ్మాయీ, ఇంకొకటి మర్చిపోయా. అక్టోబర్‌లో స్కూల్లో పీఎస్ఏటీ (శాట్‌కి ముందు రాసే అలాంటి పరీక్ష) పెడతారు, రాయించండి, ప్రాక్టీస్ అవుతుంది. ఆ స్కోరుతోనే నడిచే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్ పోటీలో ఇక్కడి హైస్కూల్లో చదివే హెచ్‌ఫోర్ పిల్లలూ ఉండొచ్చు, కానీ అది వస్తుందని చెప్పి ప్యాకేజీ అమ్మేవాళ్ళ మాట నమ్మకండి.

కొత్త ఫ్రిస్కో:
చాలా థ్యాంక్స్ అక్కా, బాబాయ్ గారూ. కోచింగ్ ఆపేశాను. టెన్త్ మార్కుల మెమో లామినేషన్ చేయించి తెచ్చాం, అది చాలు కదా?

ప్లేనో అక్క:
చాలదమ్మా. ఇక్కడ హైస్కూల్ నైన్త్ నుంచి లెక్క, నైన్త్ మార్కులు కూడా అడుగుతారు, అవి లేకపోతే క్రెడిట్లు తక్కువపడి టెన్త్‌లో కూర్చోబెట్టినా కూర్చోబెడతారు. ఆ ప్రోగ్రెస్ కార్డు మనవాళ్ళు ఎవరూ దాచరు. జూన్‌లో అక్కడ స్కూళ్ళు తెరుస్తారుగా, తాతగారినో మావయ్యనో పంపించి నైన్త్, టెన్త్ సబ్జెక్టులవారీ మార్కులు స్కూల్ లెటర్‌హెడ్ మీద, ప్రిన్సిపాల్ సంతకం, స్టాంపుతో రాయించి తెప్పించండి. అలాగే ఆ మార్కులు ఇక్కడి జీపీఏలోకీ ర్యాంకులోకీ కలుపుతారా, ఉత్త పాస్ అని వేస్తారా అని కౌన్సెలర్‌ని ఈమెయిల్‌లోనే అడగండి, జవాబు రాతపూర్వకంగా ఉంటుంది.